ఏనుగు సినిమాలో మేము చూడని రీలు

వేసవి సెలవులు అయిపోయి బడులు తెరిచిన కొత్తలో సుదర్శన్ అనే అబ్బాయి నాకు ఫోన్ చేశాడు. అనంతపురంలో పిల్లలకు మంచి సినిమాలు చూపించే చిన్న సంఘం ఒకటి నడుపుతున్నాడు. నేను ఎప్పుడో ఒక వ్యాసంలో, చిన్నప్పుడు నన్ను పట్టి ఊపేసిన బొమ్మల సినిమా గురించి నాలుగు మాటలు రాశాను. అది చదివాడట. ఆ సినిమా పూర్తి కాపీ ఏదో గోడౌనులో దొరికిందనీ, ఎవరో పుణ్యాత్ములు దుమ్ము తుడిచి, గీతలు పోగొట్టి, రంగులు సరిచేసి నెట్‌లో పెట్టారనీ, వచ్చే ఆదివారం పిల్లలకు చూపిస్తున్నామనీ, మీరు వచ్చి ఆ సినిమా అంటే ఎందుకంత ఇష్టమో చెప్పాలనీ అడిగాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఫోన్ పెట్టేసి, నా దగ్గర ఉండి చదువుకుంటున్న హరితను పిలిచి, నీకు ఒక అద్భుతం చూపిస్తాను అన్నాను. హరిత మా తమ్ముడి మనవరాలు, నాలుగో తరగతి. ఆ పూట నేను ఎంత సంబరపడ్డానో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ సినిమాకు అసలు పేరు ఏదో ఉంది గానీ మా కంబదూరులో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. మాకది ఏనుగు సినిమా. ఒక ఎండిన ఊరు, ఊరి వెనక కొండ, కొండ మీద కడుపు నిండా వాననీళ్ళు దాచుకున్న ఒక నీలం ఏనుగు. అది ఏటా దిగి వచ్చి తొండంతో ఊరి మీద వాన కురిపిస్తుంది. ఒక ఏడు అది ఊరు విడిచి వెళ్ళిపోతుంది. ఒక చిన్న పిల్ల దాన్ని వెతుక్కుంటూ రాళ్ళగుట్టలు దాటి, సముద్రం దాకా నడిచి, ఏనుగును బతిమాలి వెంటబెట్టుకొని వస్తుంది. వాన కురుస్తుంది. అంతే కథ. తప్పులు చెప్పాలంటే చాలా ఉన్నాయి. ఏనుగుకు ఒక దృశ్యంలో రెండు దంతాలుంటే ఇంకో దృశ్యంలో ఒకటే ఉండేది. ఒక చోట నీలంగా, ఇంకో చోట బూడిద రంగులో ఉండేది. పిల్ల పరిగెత్తుతుంటే వెనక ఒకే తుమ్మచెట్టు మళ్ళీ మళ్ళీ వచ్చేది. వేరే భాషలో తీసి తెలుగు మాటలు అతికించినది కాబట్టి ఏనుగు నోరు మూసుకున్నాక కూడా మాట్లాడుతూనే ఉండేది. ముసలమ్మకూ, పిల్లకూ ఒకే మనిషి గొంతు. అవన్నీ మాకు అప్పుడే తెలుసు. దంతం మాయమైనప్పుడల్లా టెంటులో పిల్లలమంతా "పాయె, పాయె" అని అరిచేవాళ్ళం. అయినా దాని మీద ప్రేమ తగ్గలేదు. మా నేల మీద పుట్టిన పిల్లలకు వాన కురిపించే ఏనుగును చూపిస్తే దంతాలు ఎవరు లెక్కపెడతారు?

ఆ సినిమా మా ఊరికి వచ్చింది విత్తనం కాయలు వొలిచే రోజుల్లో. ఆ రోజుల్లో మా ఇంటి వాసనే వేరు. పడసాల నిండా వేరుశనగ కాయలు పోసి, జేజి, అంటే మా నాయనమ్మ, వాటి మీద నీళ్ళు చిలకరించి, గోనెపట్టా కప్పేది. తడిసిన కాయల బొప్పి వాసన, గోనెసంచుల వాసన, గోడవార ఎద్దుల వాసన, మధ్యాహ్నానికి అమ్మ నూరే ఊరిబిండి పచ్చడిలో వేయించిన వేరుశనగల వాసన, అన్నీ కలిసి ఇంట్లో నిండిపోయేవి. బొటనవేలితో నొక్కి ఒక్కో కాయా పగలగొట్టాలి. పప్పు చెక్కలైతే మొలవదు. సాయంత్రానికి వేళ్ళు వాచి, సంగటి ముద్ద పట్టుకుంటే చురుక్కుమనేది. పప్పు నోట్లో వేసుకుంటే జేజి చూపు సూదిలా తగిలేది. విత్తనం తింటే చేను తిన్నట్టే అనేది ఆమె లెక్క. అమ్మ మాత్రం చెక్కలైన పప్పులు కొంగున ముడేసి, మేము పడుకోబోయే ముందు చిన్న బెల్లం ముక్కతో చేతిలో పెట్టేది. నాయన మాతో కూర్చొని వొలిచేవాడు కాదు. ఆయన కూర్చునేది తక్కువ, నిలబడేది ఎక్కువ. పొద్దుగూకే వేళకు మిద్దె ఎక్కి ఏ మూల మెరుస్తోందో చూసి దిగేవాడు. రెండు చినుకులు పడితే చాలు, చేనికి పోయి మన్ను పిడికిట్లో పట్టి పిసికి, ముద్ద కట్టిందా లేదా అని చూసి, "పదును చాల్దు" అని ఒక్క మాట అనేవాడు. ఆ ఒక్క మాటతో ఆ రోజు ఇంట్లో అందరి మాటలూ అయిపోయేవి.

అది వరుసగా వానలు తప్పిన కాలం. మగవాళ్ళూ ఆడవాళ్ళూ కరువు పనికి పోయి రోడ్డు పక్కన కంకర కొట్టేవాళ్ళు. అమ్మ వేళ్ళకు పాత చీర పేలికలు చుట్టుకొని పోయేది. ఇంటికి వచ్చాక జేజి ఆ పేలికలు విప్పి వేడినీళ్ళలో చేతులు పెట్టించేది. నాయన భుజం మీద తువ్వాలు దులిపితే తెల్లటి రాతిపొడి లేచేది. ఆ పొడి చూస్తూ పెరిగాను కాబట్టే నాకు ఇవాళ ఇంత కోపం. ఇక టెంటు సంగతి. సంత జరిగే మైదానంలో ఏటా కొన్నాళ్ళు టూరింగ్ టాకీసు దిగేది. ముందుగా మైకులో పాటల రికార్డు వేసేవాళ్ళు. ఆ పాట వినపడగానే ఊళ్ళో పిల్లలకు అన్నం దిగేది కాదు. నేల టికెట్టు తీసుకొని, ఇసుక పోగు చేసుకొని దాని మీద కూర్చొని, బొరుగులు నములుతూ, ఇంజను దడదడల మధ్య చూసేవాళ్ళం. మిషను ఒకటే. ఒక రీలు అయిపోగానే దీపం వెలిగేది. ఆపరేటర్ దేవదానం ఇంకో రీలు ఎక్కించేదాకా అందరం ఇప్పటిదాకా చూసిన కథ మళ్ళీ చెప్పుకునేవాళ్ళం.

ఆ సినిమాలో మాకు అర్థం కానిది ఒక్కటే ఉండేది. ఏనుగు ఊరి పిల్లలకు తొండంతో నీళ్ళు పోస్తూ ఆడుతుండగా రీలు అయిపోయేది. దీపం వెలిగి ఆరాక చూస్తే ఏనుగు సముద్రం ఒడ్డున ఒంటరిగా నిలబడి ఏడుస్తూ ఉండేది. ఎందుకు వెళ్ళింది? ఎవరేమన్నారు? సినిమా చెప్పేది కాదు. మేమే చెప్పుకునేవాళ్ళం. పోలీసోళ్ళు లారీలో ఎక్కించుకుపోయారని మా తమ్ముడు. పుట్టింటికి పోయి ఉంటుందని జేజి. సముద్రమే ఏనుగుకు పుట్టిల్లు, అమ్మ గుర్తొచ్చి ఏడుస్తోంది, అందులో వింతేముంది అనేది. నేను నాయనను అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి చెప్పాడు. "దాని కడుపులో నీళ్ళు అయిపోయినాయి పాపా. ఊరోళ్ళకి మొగం చూపించలేక పోయింది. దాని తప్పు లేదు, ఊరోళ్ళ తప్పూ లేదు." నాకు అదే నచ్చింది. చివర్లో ఏనుగు తిరిగి వచ్చినప్పుడు ఊరివాళ్ళంతా కన్నీళ్ళతో చేతులు జోడిస్తారు. నీ తప్పు లేదు, నీళ్ళు లేకపోయినా రా, అని చెబుతున్నారనుకొని నేను ప్రతిసారీ ఏడ్చేదాన్ని. ఏనుగు సినిమా వచ్చిన ప్రతిసారీ పోయాను, ప్రతిసారీ అక్కడే ఏడ్చాను. జీవితంలో నాకు జాలి అంటే ఏమిటో నేర్పింది ఆ సినిమానే అని ఆ వ్యాసంలో రాసింది కూడా నేనే.

ఆదివారం హాలు నిండా పిల్లలు. సుదర్శన్ మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టాడు. సినిమా మొదలైంది. రంగులు సరిచేయడమంటే ఎండిన ఊరిని కూడా పచ్చగా చేయడమని నాకు తెలియదు. సరేలే అనుకున్నాను. దంతం మాయమైనప్పుడు "పాయె" అన్నాను. హరిత నా వంక చూసి నవ్వింది. ఏనుగు పిల్లలకు నీళ్ళు పోసింది. ఇక సముద్రం వస్తుందని నేను ముందుకు వంగాను. సముద్రం రాలేదు. దాని బదులు ఊరి రచ్చబండ వచ్చింది. దాని మీద వరసగా పడుకొని గురక పెడుతున్న రైతులు. ఒకడికి పొట్ట, ఒకడికి ఈగలు ముసిరిన నోరు. నేల మీద పేకాట ఆడేవాళ్ళు కొందరు. పక్కన దున్నే మడక తుప్పు పట్టి ఉంది, ఎద్దు ఆకలికి అరుస్తోంది. ఆడవాళ్ళు బిందెలు పక్కన పెట్టి జుట్లు పట్టుకొని కొట్టుకుంటున్నారు. ఏనుగు వచ్చి లేవండి, దున్నండి అని బతిమాలుతుంది. ఒక రైతు కళ్ళు తెరవకుండానే, వాన నువ్వు ఇస్తావు కదా, పంట కూడా నువ్వే ఇవ్వు అంటాడు. అందరూ నవ్వుతారు. అప్పుడు ఒక గంభీరమైన గొంతు, కష్టపడని ఊరి మీద వాన కురవదు అని ప్రకటిస్తుంది. ఏనుగు అసహ్యంతో ముఖం తిప్పుకొని వెళ్ళిపోతుంది. చెబితే నమ్మరు, సినిమా మొత్తంలో అన్నిటికంటే శ్రద్ధగా గీసింది ఆ రీలే. ఏనుగుకు రెండో దంతం గీయడం మరిచిపోయిన ఆ చిత్రకారుడు, గురక పెట్టే రైతు కాలి పగుళ్ళు ఒక్కటి కూడా మరిచిపోలేదు. పగుళ్ళు గీయడం వచ్చింది గానీ అవి ఎలా వచ్చాయో ఆలోచించడం రాలేదు.

హాలంతా పకపకా నవ్వింది. రచ్చబండ మీది నుంచి దొర్లి పడిన రైతును చూసి పిల్లలు కాళ్ళు నేలకేసి కొట్టి మరీ నవ్వారు. పిల్లలను నేనేమీ అనను, నవ్వించడానికి గీసిన బొమ్మలకు నవ్వారు. హరిత మాత్రం నవ్వలేదు. దాని తండ్రి రమణ, అంటే మా తమ్ముడి కొడుకు, కంబదూరులో మా నాయన చేసిన చేనే చేస్తున్నాడు. తమ్ముడు పోయాక వాడొక్కడే. వేయించిన బోర్లన్నీ ఎండిపోయి, మళ్ళీ వాననే నమ్ముకున్నవాడు. హరిత నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "అవ్వా, మనూర్లో వాన పడంది అందుకేనా?" నేను కాదన్నాను. మరి సినిమాలో ఎందుకు చెబుతున్నారు అంది. సినిమా చివరికి వచ్చింది. ఊరివాళ్ళు చేతులు జోడించారు. నా చిన్నతనమంతా నేను ఏడ్చిన ఆ దృశ్యంలో వాళ్ళు ఏనుగును క్షమాపణ అడుగుతున్నారు. సోమరులు బుద్ధి తెచ్చుకున్నారన్నమాట. ఎవరో నా చేతిలోంచి ఏదో లాక్కున్నట్టు అనిపించింది.

లైట్లు వేసి నన్ను వేదిక మీదికి పిలిచారు. పొగడటానికి వచ్చాను గానీ పొగడను అని మొదలుపెట్టాను. ఈ రీలు నేను ఇవాళే చూశాను, ఇది ఉందని తెలిస్తే వచ్చేదాన్ని కాదు అన్నాను. వాన ఎవరి సోమరితనానికీ భయపడి పారిపోదని, మా నాయన జీవితంలో పొద్దెక్కాక నిద్ర లేచిన రోజు నేను చూడలేదని, ఆయన తువ్వాల్లో రాతిపొడి గురించి, అమ్మ వేళ్ళ పేలికల గురించి చెప్పాను. పిల్లలు విన్నారు, పాపం ఏం అర్థమైందో. నాతోపాటు వేదిక మీద ఉన్న ఒక విశ్రాంత అధికారి మైకు తీసుకొని, నన్ను ఓదారుస్తున్నట్టు చిరునవ్వు నవ్వి, "కథే కదమ్మా. పిల్లలకు కష్టపడమని నీతి చెప్పడంలో తప్పేముంది?" అన్నాడు. "కష్టపడమని చెప్పడంలో తప్పు లేదు సార్. కష్టపడేవాళ్ళను చూపించి వీళ్ళు కష్టపడరు అని చెప్పడంలో ఉంది" అన్నాను. ఆయన పెద్దగా పట్టించుకోలేదు. పిల్లలకు బిస్కెట్లు పంచమని సైగ చేశాడు. ఒక జీవితకాలం ఎండలో నిలబడ్డ మనుషుల మీద వేసిన నింద, ఒక బిస్కెట్టుతో సర్దుకుపోయింది.

ఆ వారమంతా నాకు ఏ పనీ సాగలేదు. మా టెంటు కాపీలో ఆ రీలు ఎందుకు లేదో తెలుసుకోవాలనిపించింది. తెగిపోయి ఉంటుందని, పాత కాపీలకు అది మామూలేనని అనుకున్నాను. దేవదానం కళ్యాణదుర్గంలో కూతురి దగ్గర ఉంటున్నాడని రమణ చెప్పాడు. బస్సెక్కి పోయాను. ఆయన వరండాలో మంచం మీద కూర్చొని ఉన్నాడు. మనిషి బాగా వంగిపోయాడు గానీ నాయన పేరు చెప్పగానే ముఖం వెలిగింది. కూతురు ఉగ్గాని తెచ్చి పెట్టింది. తినేదాకా మాట్లాడనివ్వలేదు. తిన్నాక అడిగాను, ఏనుగు సినిమాలో ఒక రీలు తెగిపోయిందా అని.

"తెగిపోలేదు పాపా. మీ నాయన తీపిచ్చినాడు."

తర్వాత ఆయన నింపాదిగా చెప్పుకొచ్చాడు. సినిమా వచ్చిన మొదటి రోజు, మొదటి ఆట. ఆ రోజు పిల్లలు తక్కువ, కంకర పని నుంచి నేరుగా వచ్చిన పెద్దవాళ్ళే ఎక్కువ. దీపం కింద వాళ్ళ తలలు రాతిపొడితో తెల్లగా కనిపించాయని ఆయన అన్నాడు. గురక పెట్టే రైతులు తెర మీదికి రాగానే టెంటులో మాట ఆగిపోయిందట. ఎవరో ఒకరిద్దరు అలవాటుగా నవ్వబోయి ఆపేశారట. కష్టపడని ఊరి మీద వాన కురవదు అనే గొంతు వినిపించగానే మా నాయన నేల మీద నుంచి లేచి, మనుషుల మధ్య నుంచి దారి చేసుకుంటూ మిషను దగ్గరికి వచ్చాడు. నాయన ఎదిరించి మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. ఆయన నాకు "పదును చాల్దు" అనే మనిషి. అందుకే దేవదానం చెప్పిన ప్రతి మాటా నేను మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాను.

"దేవదానం, బొమ్మ నిలుపు" అన్నాడట. ఎందుకన్నా అంటే, "మేము పండుకోనింటే వాన పోయిందంట. పొద్దున్నించీ రాళ్ళు కొట్టొచ్చినోళ్ళకి ఈ మాట చెప్పేకి నీకు నోరెట్ల వచ్చింది?" అన్నాడట. దేవదానం బిత్తరపోయి, నేను చెప్పలేదన్నా, బొమ్మ చెప్తాండాది అన్నాడు. "బొమ్మకి ఇంజను తిప్పుతాండేది నువ్వే గదా" అన్నాడు నాయన. దేవదానం చెయ్యి దానంతట అదే మిషను మీదికి పోయిందట. తెర తెల్లబోయింది. వెనకాల ఒక్కొక్కరూ లేచి నిలబడ్డారు. టెంటు ఓనరు గుడ్డ చించేస్తారేమోనని భయపడి పరిగెత్తుకొచ్చాడు. ఎవరూ ఏదీ చించలేదు. నాయన ఓనరును అడిగింది ఒక్కటే. "రేపు పిల్లోళ్ళొస్తారు. మమ్మల్ని ఏమన్నా అననీ, పొద్దున లేసి పనికి పోతాము, మరిసిపోతాము. వాళ్ళకి మాత్రం ఈ ముక్క చూపించద్దండి."

ఓనరు ఒప్పుకున్నాడు. ఆ రీలు డబ్బాలో పెట్టి మూత వేశారు. కంబదూరులోనే కాదు, తర్వాత ఆ టెంటు దిగిన ప్రతి ఊళ్ళోనూ సినిమా ఆ రీలు లేకుండానే ఆడిందట. ఎక్కడ వేసినా ఇదే గొడవ వస్తుందని ఓనరు భయం, వేయాలంటే తనకూ మనసొప్పలేదని దేవదానం అన్నాడు. మరుసటి రోజు నాయన నన్నూ తమ్ముణ్ణీ తీసుకొని మళ్ళీ వచ్చాడు, దీపం వెలిగి ఆరాక నేరుగా సముద్రం వస్తే వెనక్కి తిరిగి తన వైపు ఒకసారి చూశాడట. ఇవన్నీ చెప్పి దేవదానం మంచినీళ్ళు తాగాడు. ఇంత జరిగితే నాయన మాకు ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు అన్నాను. "చెప్తే, ఆ రీలులో ఏముండె అని మీరు అడుగుతారు గదా పాపా" అన్నాడు దేవదానం. నీళ్ళు అయిపోయి మొగం చూపించలేక పోయిన ఏనుగును, ఇన్నేళ్ళూ నేను ప్రేమించిన ఏనుగును, ఆ సినిమా తీసినవాళ్ళు కల్పించలేదు. రాతిపొడి తువ్వాలు దులుపుకుంటూ మా నాయన కల్పించాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని గర్వపడాలో ఏడవాలో తెలియలేదు. చివరికి నిలిచింది కోపమే. కంబదూరు పొలిమేర కూడా చూడనివాడు ఎక్కడో కూర్చొని మా కరువుకు కారణం మా నిద్ర అని గీశాడు. అప్పుడైతే ఆ మాట ఒక ఇనుప చక్రానికి చుట్టుకొని, ఇంజను మీద తిరుగుతూ మా ఊరికి రావాలి. దాన్ని తిప్పే మనిషికి ఒక ముఖం ఉండేది, పేరు పెట్టి పిలిచి నిలుపు అనవచ్చు. ఇప్పుడు అదే మాట దుమ్ము దులుపుకొని, కొత్త రంగులేసుకొని, ప్రతి జేబులోకీ వచ్చేసింది. ఎవరి దగ్గరికి వెళ్ళి నిలుపు అనాలి? ఆ రీలు ఒక్కటే కాదు. నా చుట్టూ చదువుకున్నవాళ్ళు టీ తాగుతూ, మీ జిల్లా వాళ్ళు పంట మార్చుకోరండీ, నీళ్ళు పొదుపు చేసుకోరండీ, అప్పుడూ ఇప్పుడూ అదే బద్ధకం అంటూ ఉంటారు. ఆ గంభీరమైన గొంతు ఇప్పుడు సినిమాలో మాత్రమే లేదు, వాళ్ళ గొంతుల్లోకి దిగింది. మా నాయన కాలంలో ఆ మాట అనాలంటే మా మధ్యకు వచ్చి, మా టెంటులో, మా తెల్లటి తలల ముందు అనాల్సి వచ్చేది. ఇప్పుడు మా ముఖం చూడనక్కర్లేదు.

సుదర్శన్‌కు ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. ఆ రీలు తీసేసి చూపించమన్నాను. అతను బాధపడ్డాడు, అబద్ధం చెప్పను. కానీ ఒక సినిమాను కోసే హక్కు మనకు లేదని, ఉన్నది ఉన్నట్టు చూపించి మాట్లాడుకోవడమే సరైనదని, కావాలంటే మొదట్లో 'కొన్ని దృశ్యాలు కొందరి మనసు నొప్పించవచ్చు' అని ఒక వాక్యం వేస్తానని అన్నాడు. కొందరంటే ఎవరు అని అడిగాను. అందరూ అలాగే వేస్తారండీ అన్నాడు. నాకు ఇంకా కోపం వచ్చింది గానీ, అతను దేవదానంలా ఇంజను తిప్పుతున్న మనిషి మాత్రమే అని కూడా తోచింది. చివరికి అతనే అన్నాడు, వచ్చే శనివారం కొత్తచెరువులో ఒక బడిలో వేస్తున్నాం, సినిమా అయ్యాక మీరు మాట్లాడండి అని. నేను మాట్లాడను, చేను చేసే మనిషిని తెస్తాను, అతను మాట్లాడతాడు అన్నాను. రమణకు ఫోన్ చేసి అడిగితే, "నేనేం మాట్లాడేది అత్తా, నాకు సినిమాల గురించి ఏం తెలుసు" అని తప్పించుకోబోయాడు. హరిత ఫోన్ లాక్కొని, రా నాయనా అంది. దానికి కాదనలేకపోయాడు.

శనివారానికి ముందు రోజు, ఎన్నాళ్ళకో, వాన పడింది. పదును దొరికింది. రమణ శనివారం తెల్లవారకముందే ట్రాక్టరు పిలిపించుకొని గొర్రు కట్టించి, మధ్యాహ్నందాకా దాని వెంటే తిరిగి విత్తనం పోసి, మోకాళ్ళదాకా ఎర్రమన్నుతో బస్సెక్కి వచ్చాడు. బడి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. ఏం తిన్నావంటే, తర్వాత తింటాలే అత్తా అన్నాడు. సినిమా మొదలైనప్పుడు హరిత మా ఇద్దరి మధ్య కూర్చొని ఏనుగు దంతం ఎక్కడ మాయమవుతుందో తండ్రికి ముందే చెబుతోంది. ఆ రీలు వచ్చింది. గురక పెట్టే రైతులు వచ్చారు, ఈ పిల్లలు కూడా నవ్వారు. నేను పళ్ళు బిగించి రమణ ముఖం చూశాను. అతను కుర్చీలో తల వెనక్కి వాల్చి, నోరు కొద్దిగా తెరుచుకొని, చేతులు ఒళ్ళో పడేసి నిద్రపోతున్నాడు. తెర మీది వెలుగు అతని మీద పడుతోంది. హరిత కూడా చూసింది. తండ్రిని తట్టి లేపలేదు.

సినిమా అయ్యాక లైట్లు వేశారు. సుదర్శన్ మైకు పట్టుకొని మా వరసలోకి వచ్చి ఆగిపోయాడు. పిల్లలందరూ ఇటు తిరిగారు. ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వరా మరి, తెర మీది బొమ్మే కుర్చీలో ఉన్నట్టుంది. నేను లేవబోయాను. నా కంటే ముందు హరిత లేచి నిలబడింది. మైకు తీసుకోలేదు, మామూలుగానే అంది. "లేపద్దండి. మా నాయన పొద్దున శెనక్కాయ విత్తనమేసి వచ్చినాడు." వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు, బోరు ఉండాదా అని అడిగాడు. లేదు, వాన చేనే అంది హరిత. మాదీ అంతే అన్నాడు వాడు. మీకు పదునయిందా అని ఇంకొకరు, మాకు ఇంకా కాలేదు అని ఇంకొకరు. పెద్దవాళ్ళం ఎవరమూ అడ్డం పోలేదు. గోడవార కూర్చున్న ఒక పాప లేచి, తన ఒక్కదానికే తెలిసిన సంగతిలా చెప్పింది. "నిన్న మా నాయన సంగటి ముద్ద చేతిలో పెట్టుకోనే నిద్రపోయినాడు. మా అమ్మ చేతిలోంచి తీసి పక్కన పెట్టింది."

ఆ మాటకు హాలంతా మళ్ళీ నవ్వింది. హరిత కూడా నవ్వింది. రమణకు మెలకువ రాలేదు.